సగం తుడిచిన పలక

అక్క పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఇంటిల్లిపాదికీ తెలుసు. నాలుగో కాలు చూపించే ధైర్యం చిట్టికి యాభై ఏళ్ళొచ్చినా రాలేదు. అందుకే అక్క ఫోన్ చేసి, "అచ్చుబొమ్మలు వేయడం నేర్పిస్తారట, ఇద్దరి పేర్లూ ఇచ్చేశాను, రేపు పొద్దున వచ్చి నిన్ను ఎక్కించుకుంటా, పాత చొక్కా ఏదన్నా వేసుకో" అన్నప్పుడు, నాకు బొమ్మలు రావని కూడా అనలేదు. పొయ్యి మీది గిన్నె దించి మొగుడి పాత చొక్కా వెతుక్కుంది.

అమ్మ పోయేనాటికి చిట్టి తన జడ తను వేసుకోవడం రాని పిల్ల. జడ వేసింది అక్క. అక్షరాలు దిద్దించింది అక్క. కాలేజీకి పంపాల్సిందేనని నాన్నతో పోట్లాడింది అక్క. తరవాత ఆడపిల్లల బడిలో భూగోళం చెప్పి, పుస్తకం చూడకుండా బోర్డు మీద ఖండాలన్నీ గీసి, క్లాసును కంటిచూపుతో అదుపులో పెట్టి రిటైరైంది. ఇప్పుడామెకు ఒక్కటే ఉద్యోగం. మనవరాల్ని మధ్యాహ్నం బడి నుంచి కారులో ఇంటికి తీసుకురావడం. అందులో మాత్రం ఎవర్నీ వేలు పెట్టనివ్వదు.

బొమ్మల బడి ఒక మూతపడ్డ అచ్చాఫీసు మీది అంతస్తులో ఉంది. కింద షట్టర్లు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. పైన పొడుగాటి గది, ఒక గోడంతా కిటికీలు, నడుమ ఓడ చుక్కానిలాంటి చక్రంతో పెద్ద ప్రెస్సు. గదిలో సిరా వాసన, తడి కాగితం వాసన, ఎంత కడిగినా పోని కిరసనాయిలు వాసన. చిట్టి అడుగుపెట్టగానే చూసింది, కిటికీ అంచుల్లో నెలల దుమ్ముంది. అనకూడదు కాబట్టి అనలేదు.

టీచరమ్మ మనిషి పొట్టి, గొంతు పొడుగు. "ఇది పలక," అని పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ రేకు ఎత్తి చూపింది. "దీని నిండా నల్ల సిరా పూస్తాం. ఈ కొన్నాళ్ళూ నేనే పూసిస్తాను, లేకపోతే మీరు నేల నిండా పూస్తారు. మీ పనల్లా చీకటిని తుడవడం. గుడ్డతో, పుల్లతో, వేలితో, ఎక్కడ తుడిస్తే అక్కడ వెలుగు. తడి కాగితం పరిచి ప్రెస్సులోంచి లాగుతాం. ఒక పలకకి ఒకటే అచ్చు, అలాంటిది మళ్ళీ రాదు. ఇంకో సంగతి. అచ్చులో కుడి ఎడమకి పోతుంది, ఎడమ కుడికి వస్తుంది. తరవాత నా మీద పడి ఏడవొద్దు."

"నేను ముప్పై ఏళ్ళు జనం నోళ్ళల్లోంచి అచ్చులు తీశానండీ," అన్నాడు పక్క బల్ల దగ్గరున్న పెద్దాయన. పళ్ళ డాక్టరు, ఈమధ్యే క్లినిక్కు మూసేశాడు. "ఒక్కరూ ఏడవలేదు. నోట్లో నా చెయ్యి ఉండేది కదా."

గది నవ్వింది. అక్క నవ్వలేదు. ఆయన అక్కకి ఎడమ పక్క కూర్చున్నాడు. అటు తిరిగి ఒక చూపైనా చూడలేదామె. అక్కకి మొదటి రోజే ఎవరి మీదో కోపం రావడం మామూలే కదా అనుకుంది చిట్టి.

అక్క మనవరాలి ముఖం వేస్తానంది. గుడ్డను వేలికి చుట్టి తుడవడం మొదలుపెడితే చూస్తుండగానే నల్లటి పలకలోంచి ఒక కన్ను లేచింది, బుగ్గ లేచింది, చెవి పక్కనుంచి ఒక జడ దిగింది. బోర్డు మీద ఖండాలు గీసిన చెయ్యి ఊరికే పోతుందా! చిట్టి తన కిటికీ బొమ్మ గీతలు వంకర పోతుంటే తుడిచి, టీచరమ్మ చేత మళ్ళీ సిరా పూయించుకుని, మళ్ళీ తుడుస్తూ తల వంచుకుంది.

టీచరమ్మ చక్రం తిప్పి, కాగితం ఒక మూల పట్టి మెల్లగా ఒలిచింది. "అచ్చొచ్చిందా?" అని అరిచింది. ప్రతి కాగితానికీ అలాగే అరుస్తుంది. బొమ్మ పడిందా అని అడుగుతోందో, కలిసొచ్చిందా అని అడుగుతోందో ఆమెకే తెలియాలి.

అక్కది వచ్చింది. ముఖంలో సగమే ఉంది. ముక్కు దూలం దగ్గర, స్కేలు పెట్టి కోసినట్టు, వెలుగు ఆగిపోయింది. ఆ పక్కనంతా కటిక నలుపు.

"అబ్బ! ఎంత ధైర్యమండీ మీకు," అంది టీచరమ్మ. "మొదటి రోజే సగం పలక చీకటికి వదిలేశారు! ఇదండీ చూపంటే."

"ఒక వైపు పళ్ళే కనిపిస్తున్నాయి. నేనైతే సగం ఫీజే తీసుకుంటా," అన్నాడు పళ్ళ డాక్టరు.

అక్క కాగితం వైపు చూస్తూ మొహం చిట్లించింది. "ధైర్యమేమిటి? మాడిపోయిన పెనంలా ఉంది. నా బొమ్మేది?"

"చూశారా, ఎంత వేసినా తృప్తి లేదు," అంది టీచరమ్మ.

అందరూ మళ్ళీ నవ్వారు. చిట్టి కూడా నవ్వింది. తరవాత ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు నోరు చేదెక్కేది.

తిరుగుదారిలో కారెక్కుతుంటే చిట్టి వైపు అద్దం విరిగి, టేపుతో వేలాడుతూ కనిపించింది.

"పార్కింగులో ఎవడో గుద్దిపోయాడు," అంది అక్క, ఇంజను తిప్పుతూ.

"తలుపు మీద గీతలో?"

"వాడే. కళ్ళు నెత్తికెక్కి నడుపుతారు వెధవలు."

మలుపు దగ్గర చిట్టి వైపు కిటికీ పక్కగా ఒక సైకిలు మనిషి వస్తున్నాడు. అక్క కారును నిదానంగా, ఏ అనుమానం లేకుండా అతని మీదికే తిప్పింది. చిట్టి "అక్కా!" అని అరిచింది. సైకిలాయన కాలు కింద పెట్టి, కారు కప్పు మీద అరచేత్తో దబ్బున కొట్టాడు.

"ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడే వీడు?" అంది అక్క.

"ఊడిపడలేదక్కా. ఇందాకటి నుంచీ మన పక్కనే ఉన్నాడు."

"ఉంటే నాకు కనపడడూ?"

ఆ మాటకి జవాబుంది. చిట్టి ఇల్లు చేరేదాకా సీటు అంచు వదల్లేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు చిట్టి తన బొమ్మ మాట మరిచిపోయి అక్క చెయ్యినే చూస్తూ కూర్చుంది. గుడ్డ కుడి అంచు నుంచి బయల్దేరి పలక నడుమ దాకా వచ్చేది. అక్కడ ఏదో గోడ తగిలినట్టు ఆగి, వెనక్కి మళ్ళేది. అక్క పెదాలు బిగించి, తల ఎగరేసి చూసుకుంటూ, తుడిచిన కంటికే మళ్ళీ రెప్పలు దిద్దింది. ఇక పూర్తయిందన్న మనిషిలా గుడ్డ పక్కన పడేసింది.

"అయిపోయిందా అక్కా?"

"కనపడట్లా?"

చిట్టి పుల్లల డబ్బాను మెల్లగా జరిపింది. కుడి నుంచి ఎడమకి, ఒక జానెడు. దాచలేదు, బల్ల మీదే ఉంచింది.

"పుల్లలెవరు తీశారు?" అంది అక్క కాసేపటికి. బల్ల కింద చూసింది. కుడి పక్కావిడ బల్ల మీద చూసింది. "అడక్కుండా తీసుకోవడం ఏం అలవాటో!"

చిట్టి డబ్బాను మళ్ళీ కుడికి జరిపింది.

"ఇప్పుడొచ్చి పెట్టారు, సిగ్గొచ్చి," అంది అక్క.

ఆ రోజు టీచరమ్మ రెండో అచ్చు నేర్పింది. ఒకసారి లాగాక పలక మీద మిగిలిన కాస్త సిరా మీద ఇంకో కాగితం పరిచి లాగితే, అదే బొమ్మ వెలిసిపోయినట్టు వస్తుందట. దానికి దయ్యమని పేరట. చిట్టి కిటికీ బూడిద రంగులో, పొగలోంచి చూసినట్టు వచ్చింది. అక్క దయ్యంలో సగం ముఖం ఉందా లేదా అన్నంత పలచగా ఉంది. చీకటి పక్క మాత్రం చిక్కగా దిగింది.

"నాకు దయ్యం కూడా రాలేదు," అంది అక్క.

"మిమ్మల్ని చూసి అదే జడుసుకుని ఉంటుందండీ," అన్నాడు పళ్ళ డాక్టరు.

ఈసారి అందరూ నవ్వారు, చిట్టి తప్ప. ఆ సగం ముఖం మనవరాలిది. పిల్లకి ఒక పక్క కన్ను లేదు, ఒక పక్క జడ లేదు, ఒక పక్క భుజం లేదు. రోజూ ఆ పిల్ల కారులో ఎటు పక్క కూర్చుంటుంది? బడి ముందు రోడ్డు ఎటునుంచి దాటి వస్తుంది? ఆ ఆలోచన వచ్చాక చిట్టికి చేతిలోని గుడ్డ ఎందుకుందో కూడా తెలియలేదు.

మర్నాడు చిట్టి అక్క కూతురికి ఫోన్ చేసింది. ఆమె ఆఫీసులో ఉంది, వెనకాల ఎవరెవరివో గొంతులు.

"పిన్నీ, అమ్మకి కళ్ళజోడు మార్చాలంతే. నేను చూస్తాలే."

"కళ్ళజోడు కాదమ్మా. ఒక పక్క ఉందనే తెలియట్లేదు. కారు నడపనివ్వకూడదు."

"అమ్మ కారు ఆపితే మా ఇల్లు ఆగిపోతుంది పిన్నీ. పిల్లని ఎవరు తెస్తారు చెప్పు? అయినా అమ్మతో ఆ మాట నువ్వంటావా, నేననాలా?" నవ్వేసింది. "అమ్మ నీకు ఏదన్నా చెప్పిందా, తల తిరుగుతోందనో ఏదో?"

"ఏమీ చెప్పలేదు."

"చూశావా మరి."

చెప్పడానికి అక్కకి తెలిస్తే కదా! చీకటి పడితే మనిషి దీపం వెతుక్కుంటుంది. ఆ గదే లేదనుకున్న మనిషి దీపం ఎందుకు వెతుకుతుంది? చిట్టి ఈ మాటలు ఫోన్లో అనలేకపోయింది. పెట్టేశాక సింకు ముందు నిలబడి, కడిగిన గిన్నెనే ఇంకోసారి కడిగింది.

మధ్యలో ఒకరోజు అక్కతోనే అనబోయింది. "డాక్టరుకి ఒకసారి చూపించుకుందామా" అన్నదో లేదో, "ఎవరికే, నీకా?" అంది అక్క. "నీకు చదువెక్కువై చాదస్తం పట్టుకుంది. ఆ పుస్తకాలు కాస్త తగ్గించు." తలుపు దాటుతూ ఎడమ భుజాన్ని గుమ్మానికి ధడేల్మని కొట్టుకుంది. ఆగలేదు, రుద్దుకోలేదు. జాకెట్టు చేతి కింద పాత దెబ్బ ఒకటి పచ్చబడి ఉంది.

ఆ తరవాత క్లాసుకి టీచరమ్మ పల్చటి కాగితం తెచ్చింది. ఉల్లిపొరలా ఉంది, పట్టుకుంటే అవతలి వేళ్ళు కనిపిస్తాయి. "దీని మీద అచ్చు లాగాక, వెనక నుంచి వెలుతురుకి పట్టి చూడండి," అంది. "కుడి ఎడమలు మళ్ళీ మారతాయి. పలక మీద మీ చెయ్యి ఎలా వేసిందో సరిగ్గా అలాగే కనిపిస్తుంది."

చిట్టి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

అక్క మళ్ళీ మనవరాలి ముఖమే వేసింది. మళ్ళీ సగమే తుడిచింది. టీచరమ్మ ఒలిచి, "అచ్చొచ్చిందా?" అని అరిచి, కాగితాన్ని అక్క ముందు పరిచింది. కుడి సగం నలుపు, ఎడమ సగంలో పిల్ల ముఖం.

"మళ్ళీ నలుపే," అంది అక్క. గొంతు మొదటిసారి కాస్త వణికింది. "నా చేతికి ఇది అచ్చిరావట్లేదు. ఎంత వేసినా ఏమీ పడట్లేదు."

"ఒకసారి ఇలా రా అక్కా," అంది చిట్టి.

తడి కాగితాన్ని రెండు మూలలా పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. సిరా పక్కను బయటికి తిప్పి అద్దానికి ఆనించింది. ఎండ పడింది. కుడి సగంలో పిల్ల ముఖం, కన్నూ జడా బుగ్గా, వెలిగింది.

"ఇదిగో!" అంది అక్క. ముఖం విప్పారింది. "ఇదీ నేను వేసింది. దీన్ని ఇక్కడికెవరు తెచ్చారే? ఇందాక నా ముందు ఎవరిదో పెట్టారు."

చిట్టి కాగితం తిప్పింది. సిరా పక్క ఇటొచ్చింది. "మరి ఇది?"

"ఇది కాదు. ఇదే ఆ మాడిపోయింది."

మళ్ళీ తిప్పింది. తడి కాగితం ఆమె వేళ్ళ మధ్య చిరగడం మొదలుపెట్టింది.

"ఆఁ, ఇదీ నాది. రెండూ పట్టుకుని గారడీ చేస్తున్నావా? ఆ రెండోది పారెయ్."

"ఒక్కటే కాగితం అక్కా."

గదిలో ఎవరూ నవ్వలేదు. పళ్ళ డాక్టరు చేతిలోని గుడ్డను బల్ల మీద పెట్టి లేచొచ్చాడు. ఈసారి అక్కకి కుడి పక్కగా వచ్చి నిలబడ్డాడు. చిట్టి అది గమనించింది.

"అమ్మా, ఇక్కడికి కారులో వచ్చారా?" అన్నాడు.

"అవును. మీకు లిఫ్టు కావాలా?"

"వద్దమ్మా. మీరూ ఇవాళ నడపొద్దు. ఇది కళ్ళ సంగతిలా లేదు, తలలో సంగతి. నేను పళ్ళ డాక్టర్నే, అయినా చెబుతున్నా. ఇవాళే పెద్దాసుపత్రికి వెళ్ళండి. రేపనొద్దు."

"పళ్ళు పీకేవాడు తల గురించి చెప్పడం! కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?" అక్క పైన వేసుకున్న పాత చొక్కా విప్పి కుర్చీ మీద పడేసింది. "పద చిట్టీ. బడి వదిలే వేళైంది. పిల్ల గేటు దగ్గర నిలబడుతుంది."

సంచి విప్పి లోపలివన్నీ బల్ల మీద బోర్లించింది. కళ్ళజోడు పెట్టె, చేతి రుమాలు, పర్సు, కారు తాళం. తాళం అక్కకి ఎడమ పక్కగా దొర్లి ఆగింది.

అక్క చెయ్యి రుమాలు ఎత్తింది, పర్సు విప్పింది, ఖాళీ సంచిని దులిపింది.

"తాళమేదే?"

చిట్టి కదల్లేదు. తాళం బల్ల మీదే ఉంది, కిటికీలోంచి పడ్డ ఎండలో మెరుస్తోంది. అక్క మోచేతికి అంగుళం దూరం. తియ్యలేదు, దాచలేదు. అయినా చిట్టికి దొంగతనం చేస్తున్నట్టే ఉంది.

"నీ ముందే ఉందక్కా."

"ముందంటే ఎక్కడ? ఇక్కడేమీ లేదు." అక్క బల్ల మీద అరచెయ్యి ఆడించింది. నడుమ దాకా వచ్చింది, ఆగింది, వెనక్కి పోయింది. ఆ చెయ్యి పలక మీద గుడ్డ తిరిగినట్టే తిరిగింది. టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు తీశావా?"

"లేదు."

"నా మీద ఒట్టేసి చెప్పు."

"నీ మీద ఒట్టు అక్కా. నేను తియ్యలేదు."

అక్క చెల్లెలి ముఖంలోకి చాలాసేపు చూసింది. క్లాసులో అబద్ధమాడే పిల్లని పట్టుకునే చూపు అది. చిట్టి ముఖంలో అబద్ధం దొరకలేదు. దొరక్కపోవడమే అక్కని భయపెట్టిందేమో, ఒక్కసారిగా సంచి భుజాన వేసుకుంది. "సరే, నడిచే పోదాం. ఎంత దూరం కనక."

ఆమె గుమ్మం వైపు తిరిగాక చిట్టి తాళం తీసి చొక్కా జేబులో వేసుకుంది. పళ్ళ డాక్టరు తలూపి, తలుపు తెరిచి పట్టుకున్నాడు.

దారంతా అక్క గోడల వెంట, కుడికి కుడికి జరుగుతూ నడిచింది. చిట్టి ఆమెకి ఎడమ పక్కన, రోడ్డు పక్కన నడిచింది. రెండుసార్లు "వస్తున్నావా లేదా?" అని వెనక్కి తిరిగి చూసింది అక్క. రెండుసార్లూ చిట్టి చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉంది.

బడి వదిలారు. గేటు ముందు తల్లులూ తాతలూ, పిల్లల గోల. మనవరాలు పుస్తకాల సంచి ఎగిరిపడుతుండగా పరుగెత్తుకొచ్చి అక్క ఎడమ మోచేతిని పట్టుకుంది.

"అమ్మమ్మా!"

అక్క ముఖం వెలిగింది. పిల్ల కోసం కుడికి తిరిగింది. ఇంకా తిరిగింది. చుట్టూ తిరిగేసరికి పిల్ల కూడా మోచెయ్యి పట్టుకునే ఆమెతో పాటు తిరిగింది. మళ్ళీ ఎడమ పక్కనే ఉంది.

"ఏదీ, ఎక్కడున్నావే?"

"ఇక్కడే అమ్మమ్మా!" పిల్లకి ఆట దొరికింది. కిలకిలా నవ్వింది. అక్క మళ్ళీ కుడికి తిరిగింది. పిల్ల గంతులేస్తూ వెంట తిరిగింది. పక్కనున్న తల్లులు చూసి నవ్వారు. ఎంత సరదా మనిషో అమ్మమ్మ అన్నట్టు.

మూడో చుట్టులో అక్క నవ్వు ఆగింది. కాళ్ళు ఆగాయి. చూపు తిన్నగా రోడ్డు మీద నిలిచిపోయింది.

"చిట్టీ," అంది మెల్లగా. "నవ్వు వినిపిస్తోంది. పిల్ల ఎటుందే?"

"నీకు ఎడమ పక్కనుంది అక్కా. నీ చెయ్యి పట్టుకునుంది."

అక్క ఆలోచించింది. దేశాలన్నిటికీ దిక్కులు చెప్పిన మనిషి, కనుబొమలు ముడేసి, కష్టమైన లెక్క ఇచ్చిన పిల్లలా ఆలోచించింది.

"ఎడమంటే ఎటే?" అంది.

పిల్ల నవ్వు ఆపేసింది. అమ్మమ్మ ముఖంలోకీ చిన్నమ్మమ్మ ముఖంలోకీ మార్చి మార్చి చూసింది.

చిట్టి అక్క చెంపల్ని రెండు చేతులా పట్టుకుని, మెల్లగా, మెడ నొప్పి పుట్టకుండా తిప్పింది. అక్క కళ్ళు పిల్ల మీద పడ్డాయి. పడి, అక్కడే నిలవడానికి అవస్థపడ్డాయి.

"తాళం నీ దగ్గరుందా?" అంది అక్క.

"ఉంది."

"నాకివ్వకు. అడిగినా ఇవ్వకు. ఆ పళ్ళాయన ఏ ఆసుపత్రి అన్నాడో, అక్కడికే పోదాం. ముందు పిల్లని దాని తల్లి ఆఫీసులో దింపేద్దాం."

చిట్టి ట్యాక్సీల వరుస వైపు చూసింది. పిల్లని ఎడమ పక్కనుంచి తీసుకొచ్చి అక్క కుడి చేతికి పట్టించింది. అక్క ఆ చిన్న చేతిని పిల్లకి నొప్పెట్టేంత గట్టిగా పట్టుకుంది. చిట్టి ఖాళీ అయిన పక్కకి వెళ్ళి, అక్క చేతిలో చెయ్యి వేసింది. ముగ్గురూ రోడ్డు దాటడానికి అడుగేశారు.

రెండడుగులు వేసి అక్క ఆగింది. కుడికి చూసింది, వెనక్కి చూసింది.

"చిట్టీ! ఎక్కడున్నావే? వస్తున్నావా?"

"వస్తున్నానక్కా," అంది చిట్టి, ఆమె భుజానికి భుజం ఆనించి.